ఆరువందల యాభై సీసీ, వెనక సీట్లో ప్రభుదాసు

మా నెల్లూరు తీరం వెంబడి ఎప్పుడూ తిరగనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏ ఊరు ఏ ఊరికి ఎన్ని కిలోమీటర్లు, ఏ లాడ్జిలో వేడినీళ్లు వస్తాయి లాంటివి ఇందులో ఉండవు. అవి ఫోనులో దొరుకుతాయి. మాకు ఏమేం జరిగాయో మాత్రం చెబుతాను.

నాకు నలభై నాలుగేళ్లు. పేరు సునీత. కావలి చుట్టుపక్కల రొయ్యల గుంటల్లో నీళ్లు పరీక్ష చేయడం నా పని. ఉప్పెంత ఉంది, ఆక్సిజన్ ఎంత ఉంది, అడుగున ఏమైనా కుళ్లుతోందా అని చూసి రైతుకు చెప్పాలి. పదహారేళ్లుగా స్కూటర్ మీద గుంటల కట్టల వెంబడి తిరుగుతున్నాను. ఉప్పుగాలికి రెండు స్కూటర్లు తుప్పు పట్టిపోయాయి. మూడోది కొనాల్సిన సమయానికి స్కూటర్ కొనకుండా, రెండు సిలిండర్ల మోటార్ సైకిల్ కొన్నాను. ఆరువందల యాభై సీసీ. ముదురాకుపచ్చ రంగు. ఎందుకు కొన్నావని అడిగిన ప్రతివాళ్లకూ ఒక్కో కారణం చెప్పాను. అసలు సంగతేమిటంటే, పదో తరగతి నుంచి నాకు అలాంటి బండి కావాలి.

మా ఆయన ప్రభుదాసు టైలర్. బడిపిల్లల యూనిఫారాలు కుడతారు. సైకిల్ తప్ప ఏ బండీ నడపడం రాదు, నేర్చుకోవాలన్న కోరికా లేదు. పెళ్లయినప్పటి నుంచి నా వెనకే కూర్చుంటారు. షోరూములో సేల్స్ మనిషి గేర్లు, బ్రేకులు, సర్వీసింగు అన్నీ ఆయనకే వివరించాడు. ఈయన అరగంటసేపు శ్రద్ధగా విని, "ఇవన్నీ ఆమెకు చెప్పండి బాబూ, నేను వెనక కూర్చునేవాణ్ణి" అన్నారు.

బండి ఇంటికొచ్చాక దాని చుట్టూ ఒకసారి తిరిగారు. వెనక సీటును బొటనవేలితో నొక్కి చూశారు. "కుట్టు బాగుండాది. లోపల మెత్తదనం లేదు. పట్టుకునేదానికీ ఏం లేదు" అన్నారు. వారమైనా ఎక్కలేదు. చివరికి నేనే నోరు జారాను.

"మూడు రోజులు నాతో రండి. తడ దాకా పోయి వద్దాం. అప్పుడు కూడా మీకు కుదరదంటే అమ్మేస్తా. మీరు ఎక్కని బండి నాకెందుకు?"

"మాట మీద ఉంటావా?"

"ఉంటా."

అన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తుమ్మలపెంట

ఫిబ్రవరి ఆఖర్లో ఒక శుక్రవారం పొద్దున్నే బయల్దేరాం. కావలి వీధుల్లో ఉన్నంతసేపూ బండి నాకు లొంగలేదు. దాని బరువు రెండు క్వింటాళ్ల పైనే. ఆగినప్పుడల్లా మునివేళ్ల మీద నిలబడాలి. ఇంజను వేడి కుడికాలికి కొడుతుంది. కూరగాయల మార్కెట్ దగ్గర రెండుసార్లు ఆగిపోతే, వెనక ఆటోవాడు హారను కొట్టకుండా మర్యాదగా ఎదురుచూశాడు. అదే నాకు ఎక్కువ అవమానమనిపించింది.

ఊరు దాటాక అదే బండి మారిపోయింది. ఎక్సలేటర్ కాస్త తిప్పితే చాలు, ముందుకు దూకుతోంది. శబ్దం మాత్రం పెద్దగా లేదు. లావుపాటి మనిషి గొంతు తగ్గించి మాట్లాడుతున్నట్టు ఉంది. స్కూటర్ మీద గతుకును చూసి తప్పుకునేదాన్ని. దీని మీద గతుకు దాటాక గానీ తెలియడం లేదు. "ఎట్టా ఉండాది?" అని అరిచాను. "కళ్లు మూసుకున్నా" అని వెనక నుంచి జవాబు వచ్చింది.

తుమ్మలపెంటలో సముద్రం కనిపించగానే నాకు బుద్ధి మందగించింది. సిమెంటు రోడ్డు అయిపోయినా ఆపకుండా, ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ ఇసుకలోకి పోనిచ్చాను. ముందు చక్రం దిగబడింది. బండి నిదానంగా, ఏ తొందరా లేకుండా, ఎడమపక్కకు ఒరిగింది. మేమిద్దరం అంతే నిదానంగా ఇసుకలో పడ్డాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ లేపుదామంటే బండి కదలదు. ఆయన ఒక పక్క, నేనొక పక్క పట్టి లాగినా జానెడు లేచి మళ్లీ పడుకుంది.

కాస్త దూరంలో నలుగురు ఆడవాళ్లు చేపలు ఎండబెడుతున్నారు. వాళ్లలో పెద్దావిడ, పోలమ్మక్క, చేతులు దులుపుకుంటూ వచ్చింది. బండిని చూసి, నన్ను చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇంత బరువుది ఎందుకు కొనుక్కున్యావమ్మే? పడవైతే నీళ్లలో తేలతాది. ఇది యాడ తేలతాది?"

నలుగురూ వంగి, వల లాగేటప్పుడు వేసే కేక ఒకటి వేసి, ఒక్క ఊపుతో బండిని నిలబెట్టారు. మా ఇద్దరినీ పక్కకు జరగమన్నారు, అడ్డమని. తరువాత పోలమ్మక్క ఆయన వైపు తిరిగింది.

"ఏమన్నా, ఆడబిడ్డ చేత బండి తోలిస్తా నువ్వు వెనక కూర్చున్యావే?"

"నాకు తోలేది రాదక్కా."

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "నాకూ ఈత రాదులే. యాభై ఏండ్లుగా సముద్రం పక్కన బతకతా ఉండలా?"

వాళ్ల పాకలో వేడివేడిగా వేయించిన కవళ్ల చేపలు పెట్టింది. మా ఇంట్లో చేప వేయించాలంటే అల్లం, వెల్లుల్లి, నిమ్మకాయ, గంటసేపు నానబెట్టడం. ఇక్కడ ఉప్పు, పసుపు, కారం, అంతే. పొద్దున పట్టిన చేపకు అంతకన్నా ఏమీ అక్కర్లేదని తిన్నాకే తెలిసింది. డబ్బులిస్తే తీసుకోలేదు. "ఇంకోసారి వచ్చేటప్పుడు రోడ్డు మీదే నిలుపు" అంది.

నెల్లూరు

అల్లూరు మీదుగా, రెండు వైపులా కోతకొచ్చిన వరి చూసుకుంటూ నెల్లూరు చేరాం. ఆయన లాడ్జి మెట్లు ఒక చేత్తో నడుం, ఒక చేత్తో గోడ పట్టుకుని ఎక్కారు.

శనివారం పొద్దున కారం దోశ తిన్నాం. కావలిలోనూ కారం దోశ వేస్తారు గానీ ఎర్రకారం పూత పైపైన ఉంటుంది. నెల్లూరులో ఒక సందు హోటల్లో మనిషి కారాన్ని గోడకు సున్నం కొట్టినట్టు అంచుల దాకా రుద్దాడు. మా ఆయన కళ్లు తుడుచుకుంటూ ఇంకొకటి చెప్పారు. బయట మా బండి చుట్టూ ముగ్గురు మగవాళ్లు చేరి ఉన్నారు. నా చేతిలో తాళం ఉన్నా, ఆయన్నే అడిగారు.

"మైలేజి ఎంతిస్తాది సార్?"

"ఆమెను అడగండి."

"టాప్ స్పీడు ఎంత పోతాది సార్?"

ఆయన నా వైపు చూసి, "అది మాత్రం అడగబాకండి" అన్నారు.

గూడూరు

ఆ మాట ఎందుకన్నారో గంట తిరక్కముందే తేలింది.

నెల్లూరు దాటాక హైవే. ఆరు వరసల రోడ్డు, పొద్దుటి ఎండ, ఎదురుగాలి లేదు. ఎనభైలో బండి నిద్రపోతున్నట్టు ఉంది. తొంభైలో ఒళ్లు విరుచుకుంది. వందలో నాకు ఒక విషయం అర్థమైంది. ఇన్నేళ్లూ నేను స్కూటర్‌ను మోస్తూ వచ్చాను, ఇది నన్ను మోస్తోంది. అద్దాలు వణకడం లేదు. హెల్మెట్‌లో గాలి హోరు తప్ప ఇంకేమీ లేదు. ఒక కారును దాటాను, ఇంకో కారును దాటాను.

ఎడమ భుజం మీద ఆయన తట్టారు. నాకు తెలిసింది. తెలియనట్టు ఊరుకున్నాను. మళ్లీ తట్టారు. ఇంకొంచెం పెంచాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ జరిగింది అదే.

గూడూరు దగ్గర పెట్రోల్ బంకులో ఆపాను. ఆయన దిగి హెల్మెట్ తీశారు. ముఖం పాలిపోయి ఉంది.

"రెండుసార్లు తట్టినాను."

"గాలికి తెలియలేదండీ."

"తెలిసింది. రెండోసారి తట్టినాక ఇంకా పెంచినావు."

నేను పెట్రోల్ మీటరు వైపు చూశాను.

"కోటకు నేను బస్సులో వస్తా. నువ్వు బండి మీద రా" అన్నారు. మేం ఆ రోజు ఆగాలనుకున్న ఊరది. కోపంగా అనలేదు. హెల్మెట్ పట్టీ సరిగ్గా బిగించి, దాన్ని అద్దానికి తగిలించి, చేతిసంచీ భుజాన వేసుకుని బస్టాండు వైపు నడిచారు. వెనక్కి తిరుగుతారేమోనని చూశాను. తిరగలేదు.

వడ్లు

గూడూరు నుంచి కోటకు పోయే రోడ్డు సన్నగా, చెట్ల నీడల్లో మెలికలు తిరుగుతూ పోతుంది. ఆ రోడ్డు మీద మొదటి పది నిమిషాలు నేను చాలా సంతోషంగా ఉన్నాను. వెనక బరువు లేదు, భుజం మీద చెయ్యి లేదు. బండి మలుపులో పడుకుని లేస్తోంది. ఆ సంతోషం మీద నాకే కోపం వచ్చింది. ఆ కోపంలో ఇంకా తిప్పాను.

ఒక మలుపు తిరగ్గానే సగం రోడ్డు పసుపుపచ్చగా కనిపించింది. వడ్లు. ఆరబోసి, అంచున రాళ్లు పెట్టారు. మిగిలిన సగంలో ఎదురుగా కూలీ ఆడవాళ్లతో నిండిన ఆటో వస్తోంది. రెండు బ్రేకులూ నొక్కేశాను. పట్టి వదులుతున్న బ్రేకులు చేతిలో, కాలి కింద టకటకలాడాయి. వడ్ల మీద వెనక చక్రం జారి బండి అడ్డంగా తిరిగింది. ఆటో అటువైపు మట్టిలోకి దిగింది. అన్నీ ఆగినప్పుడు, ఆటోలో ముందు కూర్చున్న ఆమె మోకాలికి నా హ్యాండిల్‌కు మధ్య మూరెడు చోటు ఉంది.

అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆటో డ్రైవరు తిట్టాడు. ఆడవాళ్లు తిట్టారు. అన్నీ నాకు రావలసినవే. ఎవరికీ ఏమీ కాలేదని తేలాక ఆటో వెళ్లిపోయింది. వడ్లు తిరగేస్తున్న రైతు భార్య పార పట్టుకుని నా దగ్గరికొచ్చింది. నా చక్రం ఆమె వడ్లలో నిలువునా గీత గీసి, అటూ ఇటూ చిమ్మేసింది.

"రోడ్డు మీద పోసింది మా తప్పే. ఇట్టా వచ్చింది నీ తప్పు. పా, ఇద్దరం ఎత్తుదాం."

అరగంట గొంతుక్కూచుని, చెత్తలోంచి, మట్టిలోంచి గింజలు ఏరి పోశాను. మొదట్లో దోసిట్లో గింజలు నిలవలేదు. ఆమె చూసి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. ఆయన వెనక కూర్చుని ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన ఆ నీళ్లు తాగుతుంటే వచ్చింది. కోట దాకా మిగిలిన దూరం నలభై దాటలేదు.

కోట

బస్టాండులో ఆయన లేరు. ఫోను చేస్తే, "ఎదురుగా సందులోకి రా. సీటు కవర్ల అంగడి" అన్నారు.

ఆ అంగడి మస్తాన్ అనే ఆయనది. ట్రాక్టర్లకు టాపులు, ఆటోలకు సీట్లు, రొయ్యల మేత మీద కప్పే పట్టాలు కుడతాడు. నేను పోయేసరికి మస్తాన్ అన్న అంగడి ముందు స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. లోపల అతని మిషను మీద మా ఆయన కుడుతున్నారు.

"ఈ అన్న బస్సు దిగి నేరుగా వచ్చి, కాసేపు మిషను ఇయ్యమన్యాడు" అన్నాడు మస్తాన్ అన్న. "ముప్పై ఏండ్లలో ఎవురూ అట్ట అడగలా. సరే, చెయ్యి చూద్దామని ఇచ్చినా. కుట్టు చూస్తే నోరు పెగలడం లేదు."

మా ఆయన కుడుతున్నది ఒక బెల్టు. వెడల్పాటి పట్టా, లోపల మెత్తగా రెక్సిన్ ముక్కలు, వెనకవైపు రెండు పక్కలా గట్టి పిడులు. నా నడుముకు కట్టాలి, ఆయన పట్టుకోవాలి.

"చేతులెత్తు" అంటూ టేపు తీసుకుని వచ్చారు.

చేతులెత్తి నిలబడి, ఆయన ముఖం చూడకుండా, వడ్ల దగ్గర జరిగింది మొత్తం చెప్పేశాను. టేపు నా నడుం చుట్టూ ఆగిపోయింది.

"దెబ్బ తగిలిందా?"

"లేదు."

"ఆటోలో వాళ్లకి?"

"లేదు. మూరెడులో తప్పింది."

"నేనుంటే?"

"మీరుంటే తట్టేవాళ్లు."

"తడితే తగ్గించేదానివా?"

అబద్ధం చెప్పడం తేలికే. గాలికి తెలియలేదని పొద్దున చెప్పనే చెప్పాను. "తగ్గించేదాన్ని కాదు" అన్నాను. ఏడుపొచ్చింది. మస్తాన్ అన్న లేచి, లోపల దారపుండ ఏదో వెతకడానికి పోయాడు. చాలాసేపు వెతికాడు.

"ఇకమీద ఒకసారి తడితే తగ్గిస్తా" అన్నాను. "రెండుసార్లు తడితే ఆపేస్తా. ఎందుకని అడగను."

ఆయన టేపు బిగించి, వంగి అంకె చూశారు. "ముప్పై ఎనిమిది."

"ముప్పై ఆరు" అన్నాను.

లోపల నుంచి మస్తాన్ అన్న నవ్వు వినిపించింది. ఆ తరువాత మా ఆయన నవ్వారు. అప్పుడు నేనూ నవ్వగలిగాను.

పట్టాకూ మిషనుకూ డబ్బులిస్తామంటే మస్తాన్ అన్న ఒప్పుకోలేదు. బెల్టు పనికొస్తుందో లేదో చూడాలని తనే నా వెనక కూర్చుని కోట బజారంతా తిరిగాడు. తెలిసినవాళ్లందరికీ ఒక పిడి వదిలి చెయ్యి ఊపాడు. మధ్యాహ్నం వాళ్లింట్లోనే భోజనం. మస్తాన్ అన్న భార్య రొయ్యలతో పలావు చేసింది. మా వైపు పలావులోకి నంజుకోవడానికి పెరుగుపచ్చడి. ఇక్కడ చింతపండు వేసిన వంకాయ పులుసు. "మీ గుంటల రొయ్యలు కాదులే" అంది ఆమె నా ఉద్యోగం తెలుసుకుని. "ఇవి ఉప్పుటేరువి. పరీక్ష చెయ్యాల్సిన పని లేదు."

మర్నాడు ఆదివారం. మా ఆయన ఏ ఆదివారమూ ఆరాధన మానరు. కోటలోనే ఒక చిన్న ప్రార్థనా మందిరంలో, హెల్మెట్లు ఒళ్లో పెట్టుకుని చాప మీద కూర్చున్నాం. కొత్తవాళ్లు ఎవరని పాస్టరు గారు అడిగితే ఆయన లేచి మా సంగతి చెప్పారు. పాస్టరు గారు కళ్లు మూసుకుని, ప్రయాణికుల కోసం, బండి టైర్ల కోసం, బ్రేకుల కోసం, మరీ ముఖ్యంగా "తోలే సహోదరి కుడిచేతి కోసం" ప్రార్థన చేశారు. మా ఆయన అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నారు.

పులికాట్ మధ్యలో

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు పోయే రోడ్డు సరస్సు మధ్యలో గీత గీసినట్టు ఉంటుంది. రెండు పక్కలా నీళ్లు, పైన ఆకాశం. ఎక్కడా మలుపు లేదు, అడ్డం లేదు. బండికి ఇంతకన్నా మంచి రోడ్డు దొరకదు. నాకూ తెలుసు, వెనక ఆయనకూ తెలుసు. డెబ్బైలో పోనిచ్చాను. ఆయన రెండు పిడులూ పట్టుకుని ఉన్నారు. నా వీపు మీద బరువు మొదటి రోజులా బిగుసుకుని లేదు.

భుజం మీద ఒకసారి తట్టారు. యాభైకి తగ్గించాను. మళ్లీ రెండుసార్లు తట్టారు. పక్కకు తీసి ఆపేశాను. ఎందుకని అడగలేదు.

"అట్ట చూడు" అన్నారు.

నీళ్లలో, చాలా దూరంలో, లేత గులాబీ రంగు గీత ఉంది. చూస్తూ ఉంటే ఆ గీత కదిలింది. వందల ఫ్లెమింగోలు తలలు నీళ్లలో ముంచి మేస్తున్నాయి. ఒక మూల నుంచి కొన్ని లేచాయి, రెక్కల కింద ఎరుపూ నలుపూ తళుక్కుమన్నాయి. నేను రోడ్డే చూస్తూ వచ్చాను గనుక నాకు కనిపించలేదు. వెనక కూర్చున్న మనిషి అప్పటికే పావుగంట నుంచి వాటినే చూస్తున్నారట.

"కండ్లు తెరిచే ఉండారా?" అన్నాను.

"కోటలో బెల్టు పట్టుకున్న కాడి నుంచి" అన్నారు.

తడ

ఆంధ్రా తడతో ఆగిపోతుంది. ఫ్యాక్టరీల బస్సులు, రెండు భాషల బోర్డులు, టీకొట్టులో తెలుగులో అడిగితే తమిళంలో చిల్లర. సరస్సు ఒడ్డున భీమునివారిపాలెంలో వళ్లియక్క అనే ఆమె ఇంటి వసారాలోనే అన్నం పెడుతుంది. మిరియాలు దంచి వేసిన పీతల పులుసు. మేం పీతను చేత్తో విరిచి తింటాం. ఆమె చిన్న రాయి ఇచ్చి, కొట్టుకోమంది. ఆయన రాయి గురి తప్పి పులుసు నా చొక్కా మీద చిందింది.

తిన్నాక ఆయన వసారా గోడకు ఆనుకున్నారు. మూడో రోజు అయిపోతోంది. నేనే అడిగాను.

"మూడు రోజులైంది గదా. కుదురుతాదా, అమ్మేసేదా?"

"చెప్తా." ఆయన వేళ్లు మడవడం మొదలుపెట్టారు. "సీటు గట్టిది. సైలెన్సర్ వేడి పిక్కకు తగలతాది. ఎక్కాలంటే కాలు గుర్రం మీదకి ఎత్తినట్టు ఎత్తాల. గతుకు వస్తే వెన్నుపూసలు లెక్కబెట్టుకోవచ్చు. ముందు ఏం వస్తాదో నీ హెల్మెట్ అడ్డమొచ్చి కనపడదు."

అన్నీ నిజాలే. నేను బండి వైపు చూశాను. ఎండలో ఆకుపచ్చగా, ఇసుకా ఉప్పూ అంటుకుని ఉంది. కొనేవాళ్లు కావలిలో ఎవరున్నారా అని ఆలోచించడం మొదలుపెట్టాను.

ఆయన వళ్లియక్క వైపు తిరిగారు. "అక్కా, ఈ సరస్సుకు ఆ చివర ఏముండాది?"

"పళవేర్కాడు. మీరు పులికాట్ అంటారే, తమిళనాడులో, అదే ఊరు సామీ. లైటుహౌసు ఉంది. పాత డచ్చివాళ్ల సమాధులు ఉన్నాయి."

"ఎంతసేపు?"

"బండి అయితే గంటన్నర. బస్సు అయితే అడక్కండి."

"మీకు తమిళం వచ్చా?" అన్నాను నేను, నమ్మలేక.

"రాదు. నీకు?"

"రాదు."

ఆయన ఫోను తీసి కావలిలో అంగడి పక్కన ఉండే మనిషికి చేశారు. సోమవారం అంగడి తెరవడం లేదని, యూనిఫారాల కోసం ఎవరైనా వస్తే మంగళవారం రమ్మనాలని చెప్పారు. అవతలివాళ్లు కారణం అడిగినట్టున్నారు. "పని ఉండాది" అని పెట్టేశారు.

తరువాత లేచి, బెల్టు నా చేతికిచ్చి, హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించుకున్నారు. వళ్లియక్కకు దండం పెట్టి, పోయి బండి పక్కన నిలబడ్డారు. నేను ఇంకా వసారాలోనే కూర్చుని ఉన్నాను.

"రా మరి" అన్నారు. "ముందు నువ్వెక్కాల గదా."